‘ఇప్పుడు’ అన్న ఒక్క మాట

పదిహేను రోజుల కిందట, ఒక గురువారం మధ్యాహ్నం, రాజమండ్రి ఆసుపత్రిలో మా పెద్ద మావయ్యగారు పోయారు. ఆ మాట చెప్పడానికి ఊరికి ఫోన్ చేస్తే, అవతల ఎత్తినాయన కాసేపు ఆలోచించి, "ఎవరండీ, వద్దుగారా?" అని అడిగారు. అవునండీ, ఆయనే అన్నాను. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. ఢిల్లీలో ముప్ఫై ఏళ్ళు దేశం దస్త్రాలు మోసి వచ్చిన మనిషికి మా ఊరు ఇచ్చిన బిరుదు అది. ఇది చదువుతున్న మీలో కొందరికి కూడా ఆయన ఆ పేరుతోనే గుర్తుండి ఉంటారు.

పెద్దకర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. వచ్చినవాళ్ళందరూ ఆయన నిజాయితీ గురించి, ఆయన ఇంగ్లీషు గురించి నాలుగు మంచిమాటలు చెప్పి భోంచేసి వెళ్ళారు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది మాత్రం ఒక్క మాట. అది నాకు వచ్చేసిందని చాలా ఏళ్ళు గర్వపడ్డాను. నిజంగా వచ్చిందో లేదో మీకు చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ఆయన మా మావగారికి అన్నగారు. పెద్దత్తయ్యగారు ఢిల్లీలోనే పోయారు. పిల్లలు లేరు. రిటైరయ్యాక రెండు ట్రంకు పెట్టెలతో భీమవరం దగ్గరున్న మా ఊరికి వచ్చి, మా ఇంట్లో వీధివైపు గదిలో దిగారు. పొద్దున్నే చేతిలో పేపరుతో, చెవి మీద పెన్సిలుతో అరుగు మీద కూర్చునేవారు. మంత్రుల ప్రకటనలు చదువుతూ కొన్ని మాటల కింద గీతలు గీసేవారు. ‘త్వరలో’, ‘సూత్రప్రాయంగా’, ‘పరిశీలిస్తున్నాం’, ‘తగిన సమయంలో’. ఆ పేపరు నా చేతికి వచ్చేసరికి దిద్దిన పరీక్ష పేపరులా ఉండేది. కరెంటు బిల్లును కూడా వెనక్కి తిప్పి చదివేవారు. వెనకాల ఏముంటుందండీ అంటే, "ముందువైపు వాళ్ళు చెప్పదలుచుకున్నది ఉంటుందమ్మా, వెనకవైపు చెప్పక తప్పనిది ఉంటుంది" అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఆయనకు ఆ పేరు పడింది ఒక పెళ్ళి భోజనాల దగ్గర. మన వైపు పంక్తిలో ‘వద్దు’ అనే మాట ఎవరూ వాడరు. ‘చాలండీ’ అంటారు. ‘ఇప్పుడు వద్దులెండి’ అంటారు. చాలండీ అంటే ఇంకో రెండు వెయ్యమని, ఇప్పుడు వద్దులెండి అంటే ఇంకోసారి ఇటు రమ్మని వడ్డించేవాళ్ళకు తెలుసు. అడగ్గానే సరేనంటే తినేవాడికి పరువు తక్కువ, వద్దన్నాడని వదిలేస్తే పెట్టేవాడికి పరువు తక్కువ. ఉగ్గుపాలతో వచ్చిన విద్య ఇది, ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ రోజు పెళ్ళికూతురి తండ్రి స్వయంగా బొబ్బట్ల పళ్ళెం పట్టుకుని మావయ్యగారి ముందు వంగారు. మావయ్యగారు తలెత్తి, "వద్దు" అన్నారు. అంతే. అండీ లేదు, లెండీ లేదు, నవ్వూ లేదు. పాపం ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయారు. పంక్తి పంక్తంతా ఇటు తిరిగింది.

సాయంత్రం ఆ పెద్దమనిషి మా ఇంటికి వచ్చారు. నేనిచ్చిన కాఫీ ముట్టుకోకుండా, "మావల్ల ఏదైనా లోపం జరిగిందాండీ? మీ మావయ్యగారు అంత మాట అనేశారు" అని అడిగారు. ఆ మాటేంటో పైకి అనడానికి కూడా ఆయనకు నోరు రాలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన్ని సాగనంపి గదిలోకి వెళ్ళి, "ఒక్క బొబ్బట్టు వేయించుకుని విస్తట్లో వదిలేస్తే ఏం పోయేదండీ?" అన్నాను.

"నాకు అక్కర్లేదమ్మా. అక్కర్లేదనే చెప్పాను" అన్నారు.

అప్పటినుంచి ఆయన ఊరికి వద్దుగారు. పేకాటకు పిలిస్తే వద్దు, సన్మానం చేస్తామంటే వద్దు. ఇవ్వాలనుకున్నది మాత్రం ఎవరూ అడక్కుండానే ఇచ్చేవారు. బడిలో పిల్లలకు ఇంగ్లీషు గ్రామరు చెప్పి వచ్చేవారు, ఊళ్ళో ఎవరి పెన్షను అర్జీ అయినా ఆయనే రాసిపెట్టేవారు. అది ఎవరూ బిరుదు చెయ్యలేదు.

తొంభైల నడుమ మా పంచాయతీ ఆడవాళ్ళకు రిజర్వ్ అయింది. మా ఆయన నిలబడాలనుకున్న చోట నన్ను నిలబెట్టారు. గెలిచాను. గెలిచింది నేనే అయినా, ప్రెసిడెంటుగారూ అని ఎవరైనా పిలిస్తే తల తిప్పింది మా ఆయనే. కాగితాలు ఆయన తెచ్చేవారు, పొయ్యి మీద పాలు పొంగకుండా ఒక కన్ను అటు వేసి నేను సంతకాలు పెట్టేదాన్ని. మావయ్యగారు అరుగు మీంచి చూసేవారు గానీ ఏమీ అనేవారు కాదు. రొయ్యల చెరువు సంగతి వచ్చేదాకా.

మా ఆయనకు మేనమామ ఒకాయన ఉన్నారు. నాకు వరసకు బాబాయి. మంచి మనిషి. నా రెండు పురుళ్ళకూ ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయన కారే. మా ఊరి మంచినీళ్ళ చెరువు గట్టు పక్కన ఆయనకు నాలుగెకరాల వరిచేను ఉంది. దాన్ని రొయ్యల చెరువు చేసుకుంటానని, పంచాయతీకి అభ్యంతరం లేదని ఒక కాగితం కావాలని వచ్చారు. రొయ్యలకు ఉప్పునీళ్ళు పెడతారు. ఆ ఊట పక్కనున్న మంచినీళ్ళలోకి దిగుతుందని మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆయన ముఖం చూసి నేనన్నది ఏంటంటే, "ఇప్పుడు వద్దులెండి బాబాయిగారూ, దాళ్వా కోతలయ్యాక చూద్దాం" అని. ఆయన సంతోషంగా వెళ్ళారు. వద్దన్నానని నాకు తృప్తి, సరేనందని ఆయనకు తృప్తి.

పది రోజుల్లో ఆయన పొక్లెయిను మాట్లాడేసుకున్నారు. దాళ్వా అవగానే తవ్వకమని, ప్రెసిడెంటు ఒప్పుకుందని ఊరంతా చెప్పారు.

ఆ కబురు మా ఇంటికి చేరిన పొద్దున నేను అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మావయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నువ్వు ఆయనతో సరిగ్గా ఏమన్నావమ్మా? మాట మాటగా చెప్పు."

చెప్పాను.

"ఇప్పుడు అన్నావా?"

"అన్నానండి. మొహం మీద వద్దంటే ఏం బాగుంటుందండీ, పెద్దాయన్ని పట్టుకుని?"

ఆయన చేటలోంచి నాలుగు చిక్కుడుకాయలు తీసుకుని, తనూ ఈనెలు తీస్తూ, ఢిల్లీ సంగతి మొదటిసారి చెప్పారు.

ఆయన పనిచేసిన ఆఫీసుకు, మన దగ్గర తయారైన ఆయుధాలు కొనుక్కుంటామని బయటి దేశాలు రాసే ఉత్తరాలు వచ్చేవట. మన దేశం ఆయుధాలు కొంటుందనే విన్నాను గానీ, అంతో ఇంతో అమ్ముతుందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. ఒకసారి సముద్రం అవతలి చిన్న దేశం ఒకటి మోర్టారు గుండ్లు, తుపాకీ తూటాలు కావాలని అడిగింది. ఆ దేశం పేరు ఆయన చెప్పలేదు. "చెబితే పిల్లల అట్లాసులో వెతుకుతావు. దొరికాక ఊరుకోలేవు" అన్నారు.

"అలాంటివి ఎవరు తేలుస్తారండీ? ప్రధానమంత్రిగారా?"

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. నలుగురు పెద్దలు తలుపులేసుకుని, ఇది న్యాయమా కాదా అని తర్కించుకుంటారని. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను."

అసలు జరిగేది వేరట. దస్త్రం కింద నుంచి బయల్దేరుతుంది. ఒక శాఖ, దీనివల్ల మన ఇరుగుపొరుగు దేశాలకు కోపం వస్తుందా అని చూస్తుంది. ఒక శాఖ, మన సైన్యానికి పోను సరుకు మిగులుతుందా అని చూస్తుంది. ఆ దేశం మీద ప్రపంచ దేశాల నిషేధం ఏదైనా ఉందా అని ఇంకొకరు చూస్తారు. కొనే దేశం, ఈ సరుకు మేమే వాడుకుంటాం, వేరేవాళ్ళకు అమ్మం అని ఒక పత్రం రాసిస్తుంది. "ఎవరి మీద వాడుకుంటారో రాయడానికి ఆ పత్రంలో గడి ఉండదమ్మా" అన్నారు. ప్రతివాళ్ళూ మా వైపు నుంచి అభ్యంతరం లేదని రాసి పక్కవాళ్ళకు తోస్తారు. అది మంత్రుల ముందుకు వెళ్ళేసరికి, ఇంతమందికి లేని అభ్యంతరం మనకెందుకు అన్నట్టు తయారవుతుంది.

"పైవాడు కిందవాడి సంతకం చూస్తాడు, కిందవాడు పైవాడి మొహం చూస్తాడు. కాగితాన్ని ఎవడూ చూడడు" అన్నారు. ఈ మాట ఆయన తర్వాత కూడా చాలాసార్లు అన్నారు. మొదటిసారి అన్నప్పుడు మాత్రం నాకు నా పాలగిన్నె గుర్తొచ్చింది.

ఆ దస్త్రంలో మొదటి నోటు రాయాల్సింది మావయ్యగారే. ఆ దేశపు సైన్యం దేశానికి ఉత్తరాన తన సొంత జనం మీదే యుద్ధం చేస్తోందని ఆయనకు తెలుసు. పంపకూడదనే అనుకున్నారు. మూడు పేజీలు రాశారు. చివరి వాక్యం దగ్గర కలం ఆగింది. పై అధికారి వయసులో పెద్దవాడు, మర్యాదస్థుడు, అమ్మాలని ఆశపడుతున్నవాడు. ఆయన చదివే కాగితం మీద పంపకూడదు అని ముఖాన కొట్టినట్టు ఎలా రాయడం? అందుకని, ప్రస్తుతం పంపడం తగదు అని రాశారు.

"రాసింది ఇంగ్లీషులోనేనమ్మా. కానీ రాసినవాడు గోదావరివాడు కదా. పంక్తిలో కూర్చుని ఇప్పుడు వద్దులెండి అన్నట్టే రాశాను" అన్నారు.

దస్త్రం ఆగింది. ఎనిమిది నెలలు ఆగింది. ఆ తర్వాత ఆ దేశపు పెద్దాయన మన దేశానికి వస్తున్నారని తేలింది. వచ్చిన అతిథి చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. గుండ్లు తయారుచేసే ఫ్యాక్టరీ చూస్తే పనిలేక ఖాళీగా ఉంది. దస్త్రం దుమ్ము దులిపారు. మావయ్యగారి నోటు కింద ఎవరో రాశారు: పై అభ్యంతరం అప్పటి పరిస్థితికి సంబంధించినది, అమ్మకాన్ని వారు సూత్రప్రాయంగా వ్యతిరేకించలేదు.

"అదేంటండీ, అంత అబద్ధం రాసేశారా?"

"అబద్ధం ఎక్కడుందమ్మా? నేను రాసింది అదే."

"పోనీ, అప్పటికి అక్కడ యుద్ధం తగ్గిందాండీ?"

"మన పేపర్లలో రావడం తగ్గింది."

మంత్రుల సమావేశంలో ఏం జరిగిందో ఆయనకు తర్వాత తెలిసింది. మనం ఇవ్వకపోతే వాళ్ళకు ఇంకెవరూ ఇవ్వరా అని ఒక పెద్దాయన అడిగారట. ఇస్తారని ఎవరో చెప్పారు. ఇంకొకాయన ఆ అతిథి వచ్చే తారీఖు అడిగారు. ఆ తారీఖుకు ముందు ప్రకటించాలా, వచ్చాక ప్రకటించాలా అన్నదాని మీదే ఎక్కువసేపు మాట్లాడుకున్నారు.

"చెడ్డవాళ్ళు కాదమ్మా వాళ్ళు" అన్నారు మావయ్యగారు. "అందులో ఒకాయన, రోడ్డు మీద కుక్కకి దెబ్బ తగిలితే కారాపి దిగే మనిషి. ఇవ్వాలా వద్దా అని ఆ గదిలో ఎవరూ అడగలేదు. ఎప్పుడిద్దాం అనే అడిగారు. ఎందుకంటే కింద నుంచి వెళ్ళిన కాగితమే అలా అడిగింది. ఆ కాగితం నాది."

ఆ గుండ్లు ఎవరి మీద పడ్డాయో ఆయనకు తెలియదు. కొన్నాళ్ళకు పేపర్లో ఓ మూల, ఆ దేశంలో ఒక సంత మీద గుండ్లు పడ్డాయని నాలుగు లైన్ల వార్త చదివారు. అవి మనవో, ఇంకొకరు అమ్మినవో. "పడ్డాక చదవడానికి ఏం మిగలదు కదమ్మా" అన్నారు. ఈనె తీసిన చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. ఆయన మీద నాకు మొదటిసారి జాలి వేసింది. నా మీద నాకు భయం వేసింది.

ఆ వారమే పంచాయతీ సమావేశం. నేను స్వయంగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. కార్యదర్శిగారు మినిట్స్ పుస్తకం తెరిచి, "ప్రస్తుతం అనుమతి ఇవ్వడం సాధ్యం కాదు అని రాస్తానండి. మామూలుగా అలాగే రాస్తామండి. రేపు ఎటొచ్చినా ఇబ్బంది ఉండదు" అన్నారు.

"ప్రస్తుతం తీసెయ్యండి" అన్నాను.

"ఒక్క మాటే కదండీ?"

"అందుకే తీసెయ్యమంటున్నాను."

కారణం కూడా ఒక్కటే రాయించాను, మంచినీళ్ళు పాడవుతాయని. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మావయ్యగారు చెప్పి పంపారు: "వద్దనడానికి ఒక్క కారణం చాలు. రెండు చెప్పావంటే బేరానికి వచ్చావని అర్థం."

బాబాయిగారు మా గడప తొక్కడం మానేశారు. మా అమ్మాయి ఓణీల వేడుకకు కూడా రాలేదు. మా ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం నేను వడ్డిస్తేనే తిన్నారు. నా పదవి ఉన్నన్నాళ్ళూ ఆ చేను చేనుగానే ఉంది. నేను దిగిపోయిన ఏడాదే తర్వాత వచ్చినవారు సంతకం పెట్టేశారు. రెండు వేసవులు తిరిగేసరికి మా చెరువు నీళ్ళు నోట్లో పెట్టుకోలేకపోయాం. ఇంటికి నీళ్ళ డబ్బాలు కొనుక్కోవడం మొదలైంది.

మొదటి డబ్బా దిగిన రోజు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మీ వద్దు ఏపాటి పనిచేసిందండీ మావయ్యగారూ? నా కుర్చీతో పాటే పోయింది" అన్నాను.

"అన్నాళ్ళూ తాగారు కదమ్మా" అన్నారు.

"అలా అయితే మీ ఇప్పుడు వద్దు కూడా ఎనిమిది నెలలు పనిచేసింది కదండీ. అక్కడ కూడా ఎవరో ఒకరు అన్నాళ్ళు బతికే ఉంటారు." ఓదార్పుగానే అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను కూడా.

ఆయన తల అడ్డంగా ఊపారు. "నేను వద్దని రాసి ఉంటే, తర్వాతవాడు నా మాట కొట్టేసి ముందుకెళ్ళేవాడు. కొట్టేశాడని దస్త్రంలో ఉండేది. ఇప్పుడు నా మాట మీదే కాలుపెట్టి ఎక్కారు. నీ పుస్తకంలో ఉన్నది నీ మాటేనమ్మా. దాని మీద ఎవరూ ఎక్కలేదు."

నా జన్మలో నాకు దొరికిన మెచ్చుకోలు అదే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో, ఈ ఇంట్లో, నాకు ఒక మాట ఉందని, దానికి విలువ ఉందని చెప్పిన మనిషి ఆయనొక్కరే. ఆ రుణం తీరేది కాదు.

నిరుడు ఆయనకు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఒకరోజు మందులు అందిస్తుంటే నా చెయ్యి ఆపి, "నోట్లో గొట్టం పెట్టి యంత్రంతో ఊపిరి పోస్తారట. నాకు వద్దు. అప్పటికి నేను చెప్పలేకపోతే నువ్వు చెప్పాలి. ఈ ఇంట్లో ఆ మాట అనడం వచ్చింది నీకొక్కదానికే" అన్నారు. సరేనండి అన్నాను. ఒట్టు వేయించుకోలేదు, కాగితం రాయించుకోలేదు. నా మాట చాలనుకున్నారు.

ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు, ఆదివారం, ఆయాసం ఎక్కువై రాజమండ్రి తీసుకెళ్ళాం. డాక్టరు కుర్రవాడు, కోనసీమ వైపు అబ్బాయి. ఎంత మర్యాదో చెప్పలేను. నాకు తనే కుర్చీ తెచ్చి వేసి, పక్కన వంగి, "వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చండి. పెట్టమంటారా అమ్మగారూ?" అని అడిగాడు. మా ఆయన నేల చూస్తున్నారు. చుట్టాలందరూ నన్ను చూస్తున్నారు. నోట్లో మాట సిద్ధంగానే ఉంది. ఆ అబ్బాయి ముఖం చూశాను. మనిషిని బతికిస్తానని నిలబడ్డవాడి ముఖాన అంత మాట ఎలా అనడం?

"ఇప్పుడు వద్దులెండి బాబూ" అన్నాను.

"అలాగేనండి" అని వెళ్ళాడు. వద్దనేశానన్న ధైర్యంతో నేను మావయ్యగారి పక్కన కూర్చున్నాను.

సోమవారం పొద్దున్న స్నానం చేసి బట్టలు మార్చుకు వద్దామని చుట్టాలింటికి వెళ్ళి వచ్చేసరికి, గొట్టం పెట్టేసి ఉంది. సంతకం మా ఆయన పెట్టారు. "నువ్వే కదే ఇప్పుడు వద్దన్నావు. మరి ఊపిరి అందట్లేదంటే పెట్టమన్నాను" అన్నారు. డాక్టరు ఎదురొచ్చి, "మీరు ఇప్పుడు వద్దన్నారు కదండీ, అందుకే పొద్దుటిదాకా ఆగామండి" అన్నాడు. నా మాట మన్నించానన్న సంతోషం అతని ముఖంలో కనిపిస్తోంది. అతని తప్పేం లేదు. అతనూ మన వైపు వాడే, నా మాట మనందరికీ అర్థమయ్యేటట్టే అతనికీ అర్థమైంది.

"తీసెయ్యండి" అన్నాను. ఆ మాట మాత్రం అప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో.

"ఒకసారి పెట్టాక అలా తీసెయ్యడానికి మాకు లేదండి" అన్నాడు.

ఆ రోజంతా మావయ్యగారు తెలివిలోనే ఉన్నారు. కళ్ళు తెరిచి నన్ను చూశారు. ఏం జరిగిందని అడుగుతున్న చూపు. దాటవేయాలనిపించింది. కానీ ఆయన దగ్గర దాటవేస్తే ఇంకెవరి దగ్గర నిజం చెబుతాను? చెవి దగ్గరకు వంగి, "ఇప్పుడు అన్నానండి మావయ్యగారూ" అని చెప్పాను.

ఆయన కళ్ళు నా మీంచి కదల్లేదు. కాసేపటికి, సూదులు గుచ్చిన చెయ్యి దుప్పటి మీద మెల్లగా జరిగి వచ్చి, నా వేలు పట్టుకుంది. కోప్పడ్డారో, క్షమించారో, నువ్వూ నాలాంటిదానివే అన్నారో నాకు తెలియదు. గొట్టం ఉన్న నోటితో ఆయన ఏమీ చెప్పలేరు. పక్కనున్న యంత్రం ఆయన ఛాతీని పైకి లేపింది, దించింది, మళ్ళీ లేపింది.